బెజవాడ ఎఫ్‌ఎం ఎవరిది?

బెజవాడలో ఆటో ఎక్కితే 93.5 లేదా 98.3 మోగాల్సిందే. పాటలు, ఆర్జేల కబుర్లు నాన్‌స్టాప్. మరి వీటి ఓనర్లెవరో తెలుసా? 93.5 రెడ్ ఎఫ్‌ఎం చెన్నైలోని మారన్ కుటుంబం నడిపే సన్ గ్రూప్‌ది. 98.3 మిర్చి టైమ్స్ గ్రూప్‌కు చెందిన జైన్ కుటుంబానిది. అంటే రెండూ ఫ్యామిలీ బిజినెస్‌లే. కాకపోతే ఆ ఫ్యామిలీలు మన ఊరివి కావు!

ఆస్ట్రేలియాలో గ్రాంట్ బ్రాడ్‌కాస్టర్స్ అనే కుటుంబ సంస్థ చిన్న చిన్న పట్టణాల్లో రేడియో స్టేషన్లు నడుపుతూ పెద్ద నెట్‌వర్క్‌గా ఎదిగింది. 2022లో వాటిని ఏఆర్‌ఎన్ కంపెనీ కొనేసింది.

కృష్ణా డెల్టాలో అలాంటి కుటుంబం ఎందుకు రాలేదు? డబ్బుల్లేక కాదు. 1960లో కె.ఎల్.ఎన్. ప్రసాద్ బెజవాడ నుంచే ఆంధ్రజ్యోతి పత్రిక తెచ్చారు. పేపర్ పెట్టొచ్చు, రేడియో మాత్రం సర్కారుదే. 1948 డిసెంబర్ 1న మొదలైన ఆకాశవాణి కేంద్రమే అందరికీ దిక్కు. గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తర్వాతే ప్రైవేటు ఎఫ్‌ఎంలకు దారి దొరికింది. అదీ వేలంలో! డబ్బున్న పెద్ద గ్రూపులదే పైచేయి అయింది.

ఇంకో మెలిక ఉంది. ప్రైవేటు ఎఫ్‌ఎంలు ఇప్పటికీ సొంతంగా వార్తలు చదవకూడదు. ట్రాఫిక్, వాతావరణం చెప్పొచ్చు. వార్తలంటే ఆకాశవాణి బులెటిన్‌నే మార్చకుండా వినిపించాలి.

2024 సెప్టెంబర్‌లో బుడమేరు సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు కరెంటు లేదు, ఫోన్ల ఛార్జింగ్ అయిపోయింది. బ్యాటరీ రేడియో పనికొచ్చేది అలాంటి రోజుల్లోనే. కానీ మన వీధికొచ్చి, చూసింది చూసినట్టు చెప్పే రిపోర్టర్‌ను పెట్టుకునే వీలే ఆ ఎఫ్‌ఎంలకు లేదు.