యుద్ధం మిగిల్చిన పల్లెకు పటాన్‌చెరు విత్తనం

పటాన్‌చెరు: ఘర్షణల్లో చితికిన పల్లెల పునర్నిర్మాణం అనగానే సౌర విద్యుత్తు, అంతర్జాలం, సెల్‌ఫోన్ సలహాలతో కూడిన స్మార్ట్ గ్రామాల ప్రస్తావన వస్తుంది. అయితే ఊరికి తిరిగివచ్చిన రైతుకు తొలి అవసరం విత్తనం. పోరు సాగినంత కాలం పాతర్లు ఖాళీ అవుతాయి. దాచిన విత్తనమూ ఆకలికి ఆహారమవుతుంది. ఆ నేలకు అలవాటుపడిన రకాలు కనుమరుగవుతాయి.

ఈ లోటు తీర్చే ఏర్పాటు పారిశ్రామికవాడ చెంతనే ఉంది. 1972లో ఏర్పాటైన ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలకు చెందిన 1.20 లక్షలకు పైగా నమూనాలున్నాయి. దీర్ఘకాల నిల్వకు గింజల్లో తేమ తగ్గించి, మైనస్ 20 డిగ్రీల చలిలో ఉంచుతారు. 1991 నుంచి అంతర్యుద్ధంలో నలిగిన సోమాలియాకు ఆ దేశపు జొన్న నమూనాలు 400కు పైగా ఇక్కడి నుంచే తిరిగి అందాయి.

బ్యాంకు ఇచ్చేది గుప్పెడు గింజలే. వాటిని కొన్ని సీజన్లు పండించి పెంచుకోవలసింది గ్రామమే. ఇందుకు జిల్లాలోనే నమూనా ఉంది. జహీరాబాద్ సమీపంలోని పస్తాపూర్ కేంద్రంగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఊరూరా విత్తన నిధులు నెలకొల్పాయి. సాగు ముచ్చట్లు పంచుకునేందుకు 2008లో మాచునూరులో సంఘం రేడియోను ప్రారంభించాయి. విత్తనం చేతికొచ్చాకే సాంకేతికత ఆ పల్లెకు అక్కరకొస్తుంది.