ఉద్యోగం తీశారు, జీతం ఆపలేదు

టాటానగర్ స్టేషన్ దగ్గరి జుగ్సలాయి జంషెడ్‌పూర్‌లో కలిసిపోయినట్టే కనిపిస్తుంది గానీ, మునిసిపాలిటీ వేరు. కంపెనీ పట్టణం దాని అవతల. జీవితకాల ఉద్యోగానికీ ఇలాంటి సరిహద్దే ఉండేది.

జపాన్ పెద్ద కంపెనీల్లోని ఈ పద్ధతి గురించి అమెరికన్ పరిశోధకుడు జేమ్స్ అబెగ్లెన్ 1958లో పుస్తకం రాశాడు. జంషెడ్‌పూర్‌కు ఆ మాట కొత్తేమీ కాదు. టాటా స్టీల్ 1912లోనే ఎనిమిది గంటల పనిదినం, 1920లో ప్రావిడెంట్ ఫండ్ అమలు చేసింది. పర్మినెంట్ అయితే రిటైరయ్యేదాకా ఢోకా లేదు. పైగా, ఏళ్ల తరబడి పనిచేసిన కార్మికుడి కొడుక్కీ ఉద్యోగం దొరికేది. శ్రీకాకుళం వైపు నుంచి వెళ్లిన తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా పాతుకుపోవడానికి ఇదీ ఒక కారణమే.

జపాన్‌లో లాగే ఇక్కడా కాంట్రాక్టు కూలీకి ఆ హామీ లేదు.

1991లో కంపెనీ సిబ్బంది సుమారు 85 వేలు. సరళీకరణతో పోటీ పెరిగింది, మనుషుల్ని తగ్గించుకోక తప్పలేదు. అయినా గెంటేయలేదు: స్వచ్ఛందంగా తప్పుకున్నవారికి రిటైర్మెంట్ వయసు దాకా నెలనెలా జీతం ఇస్తామంది. 2005 నాటికి సిబ్బంది దాదాపు సగమయ్యారు. తండ్రికి జీతం అందింది. కొడుకు ఎదురుచూసిన ఖాళీలే కరిగిపోయాయి.