పాలపిట్టను పంజరంల చూస్తే పండుగైతదా?

దసరా నాడు పాలపిట్ట కండ్లవడాలె అని మన పెద్దలు చెప్తరు. పాండవులు అజ్ఞాతవాసం ముగించుకొని వస్తుంటే ఈ పిట్ట కనిపించిందని, అప్పటి సంది వాళ్లకు అన్నీ గెలుపులే అని కథ. కథ మంచిగనే ఉన్నది. కానీ ఆ పిట్ట ఏం తింటది, యాడ గుడ్లు పెడ్తది అని అడిగితే మనలో ఎంతమంది చెప్తరు? తెలంగాణ వచ్చినంక 2014ల దీన్ని రాష్ట్ర పక్షి చేసుకున్నం. కర్ణాటక, ఒడిశాలకు గూడ ఇదే రాష్ట్ర పక్షి. గంత గౌరవం ఇచ్చినప్పుడు దాని బతుకు గూడ జెర ఎరుక ఉండాలె గదా.

ముందుగాల పేరు ముచ్చట. ఇంగ్లిషోళ్లు దీన్ని చూసి 'బ్లూ జే' అన్నరు. ఇప్పటికీ కొందరు గదే రాస్తరు. కానీ జే అనేది కాకి కుటుంబం పిట్ట. పాలపిట్టకు కాకితోని చుట్టరికమే లేదు. ఇది లకుముకి పిట్టకు దగ్గరి చుట్టం. పక్షుల మీద పనిచేసేటోళ్లు దీన్ని 'రోలర్' అంటరు. ఎందుకంటే జతకట్టే కాలంల ఇది మీదికి ఎగిరి, అటు ఇటు పొర్లుకుంట, అరుసుకుంట కిందికి దిగుతది.

సైజు పావురమంత ఉంటది, తూకం 170 గ్రాముల దాకా. తీగ మీద ఊకె కూసున్నప్పుడు పెద్దగ మెరిసేదేం ఉండదు. తలమీద నీలం, వీపు మట్టిరంగు, ఎర్రటి గోధుమ రంగు ఎద మీద సన్నటి తెల్ల చారలు. రెక్క ఇప్పిందంటే మాత్రం కథే వేరు. ముదురు నీలం ఒక పట్టె, లేత నీలం ఒక పట్టె భగ్గుమంటయి. ఇంకో ఇచ్చంత్రం ఏందంటే, ఆ ఈకల నీలం రంగు పదార్థమే లేదు. ఈక లోపలి సన్నటి నిర్మాణం మీద వెలుతురు పడి చెదిరి మన కంటికి నీలంగ కనిపిస్తది.

ఇగ తిండి. ఇది గింజలు తినే పిట్ట కాదు. మిడతలు, పేడపురుగులు, చిమ్మటలు, ఉసిళ్లు దీని బువ్వ. తేళ్లను, చిన్న బల్లులను, కప్పలను గూడ ఇడువది. కరెంటు తీగ మీదనో మోడు మీదనో సప్పుడు లేకుండ కూసుంటది. కింద పురుగు కదిలిందా, సర్రున దిగి పట్టి, మళ్ల మీదికి పోయి, కొట్టి మింగుతది. దుక్కి దున్నేటప్పుడు ట్రాక్టర్ ఎనక తిరుగుడు గందుకే. పైస తీసుకోకుండ మన చేన్ల కూలి చేసే పిట్ట ఇది.

మార్చి నుంచి జూన్ దాకా గుడ్లు పెట్టే కాలం. ఎండిపోయిన తాటి, ఈత మోడుల తొర్రలల్ల మూడు నుంచి ఐదు తెల్ల గుడ్లు పెడ్తది. 17, 18 రోజులకు పిల్లలైతయి. ఇంకో నెలకు గూడు ఇడుస్తయి. తొర్ర తనకు తాను తొలుసుకోలేదు. మోడు కొట్టేస్తే దాని ఇల్లు కూలినట్టే.

గిప్పుడు అసలు బాధ చెప్త. దసరా దగ్గరవడ్తుంటే కొందరు వీటిని పట్టి, రెక్కలకు బంక పూసి, కాళ్లకు దారం కట్టి పంజరాలల్ల పట్నం తెస్తరు. గుడి ముందట, అపార్ట్‌మెంట్ల ముందట తిప్పి చూపించి పైసలు తీసుకుంటరు. తిండి ఉండదు, నీళ్లు ఉండవు. బంక అంటిన రెక్కతోని ఇడిచిపెట్టినా ఎగరలేదు. పట్టేటోడు పేదోడే కావచ్చు. కానీ ఆ బేరం నడిచేది మన జేబుల పైసతోని. 1972 వన్యప్రాణుల చట్టం కింద దీన్ని పట్టుడు, పంజరంల పెట్టుడు నేరం.

పంజరం ఒక్కటే కాదు, మందుల ముచ్చట గూడ ఉన్నది. చేన్ల పురుగు మందు ఎంత కొడ్తే దాని బువ్వ అంత తక్కువైతది. 2023ల వచ్చిన దేశ పక్షుల నివేదిక, 30 శాతమో అంతకన్న ఎక్కువనో తగ్గిపోయిన పిట్టలల్ల పాలపిట్టను గూడ లెక్కగట్టింది.

తమ్ముండ్లు, చెల్లెండ్లు, మీరు చేసేది పెద్ద పనేం కాదు. ఎవరన్న పంజరం పట్టుకొస్తే పైసలియ్యకుండ్రి, ఫారెస్టోళ్లకు ఫోన్ చెయ్యుండ్రి. గట్టు మీది తాటి మోడు అడ్డం లేకుంటే ఉండనియ్యుండ్రి. దసరా నాడు పొద్దుగాల మీ అవ్వను, తాతను తీసుకొని చెల్కల దిక్కు నడువుండ్రి. కరెంటు తీగల మీద చూపు పెట్టుండ్రి. అది కూసున్నప్పుడు కాదు, ఎగిరినప్పుడు చూడాలె.