హిమానీనదపు జమాఖర్చు

కర్నూలు భూమధ్యరేఖకు ఉత్తరముగా సుమారు 16వ అక్షాంశమున ఉన్నది; కడప అంతకు కొంచెము దక్షిణమున. వేసవిలో 40 డిగ్రీలు దాటు ఈ సీమలోని విద్యార్థికి ధ్రువప్రాంతపు మంచుతో ఏమి పని అని కొందరు అడుగవచ్చును. ఆ మంచును ఎట్లు కొలుతురో తెలిసికొన్నచో సమాధానము దొరకును.

నార్వే దేశమునకు ఉత్తరముగా ఆర్కిటిక్ సముద్రములో స్వాల్‌బార్డ్ అను ద్వీపసమూహము కలదు. అందలి నీ-ఓలెసుండ్ అను చిన్న ఊరు 79వ అక్షాంశమునకు చేరువగా ఉన్నది. మన దేశము 2007లో తొలిసారిగా అచటికి శాస్త్రజ్ఞులను పంపి, 2008 జూలై 1న ‘హిమాద్రి’ అను పరిశోధన కేంద్రమును తెరచినది. ధ్రువప్రాంతపు మార్పులకును మన ఋతుపవనములకును గల సంబంధమును పరిశీలించుట దాని ఆశయములలో ఒకటి. ఆ దీవులలోనే లాంగియర్‌బీన్ పట్టణములో 1993 నుండి ఒక విశ్వవిద్యాలయ కేంద్రము నడచుచున్నది. అచట విద్యార్థులు మంచుపైకి వెళ్లి పాఠములు నేర్తురు. మంచులోని పగుళ్లను గుర్తించుట, ధ్రువపు ఎలుగుబంట్ల నుండి కాపాడుకొనుట వంటి భద్రతా శిక్షణ ముందు. కొలతలు ఆ తరువాత.

ఏటేట కురిసిన మంచు పేరుకొని, తన బరువునకే గట్టిపడి, గడ్డయై, పల్లమునకు మెల్లగా జారును. అదియే హిమానీనదము. అది పెరుగుచున్నదా, తరుగుచున్నదా అనునది కంటితో చూచి చెప్పజాలము. అందుకై బరమాతో గడ్డలో లోతైన రంధ్రము చేసి, ఒక గుంజను దింపుదురు. గుంజ ఎంత పైకి కనబడుచున్నదో కొలిచి, తేదీతో వ్రాసికొందురు.

చలికాలము చివర గుంజవద్ద 100 సెంటీమీటర్ల మంచు పడి ఉన్నదనుకొందము. ఇది 100 సెంటీమీటర్ల నీరు కాదు. గోయి త్రవ్వి, ఒక లీటరు పట్టు గొట్టముతో మంచు తీసి తూచినచో 400 గ్రాములు తూగినదనుకొందము. అనగా సాంద్రత 0.4, జమ 40 సెంటీమీటర్ల నీరు. వేసవి ముగియునప్పటికి ఆ మంచంతయు కరగి, క్రింది గడ్డ కూడ 100 సెంటీమీటర్లు తరిగినది. గడ్డ సాంద్రత సుమారు 0.9 గనుక అది 90 సెంటీమీటర్ల నీరు. మొత్తము ఖర్చు 130, జమ 40, లోటు 90. కర్నూలు, కడప జిల్లాలలో ఏడాది పొడవున కురియు సగటు వాన 70 సెంటీమీటర్లకు అటునిటు మాత్రమే గదా!

ఒక్క గుంజ చాలదు. గాలి గుట్టమీది మంచును ఊడ్చి పల్లములో పోయును. కావున ఎగువన, నడుమ, దిగువన గుంజలు నాటవలెను. ‘సగటు’ అను మాట వెనుక ఎంత శ్రమ ఉన్నదో విద్యార్థికి అచట తెలియును. నీ-ఓలెసుండ్ చెంతనున్న ఆస్ట్రే బ్రోగ్గర్‌బ్రీన్ అను హిమానీనదమును 1967 నుండి ఇట్లే కొలుచుచున్నారు. దాని లెక్కలో ఎక్కువ సంవత్సరములు లోటే. నేలమీది మంచు ఇట్లు కరగి సముద్రమును చేరినచో సముద్రమట్టము పెరుగును.

ఈ పాఠమునకు మన ఊరి బావి చాలును. బావి గట్టుపై ఒక గుర్తు పెట్టి, ఆ గుర్తునుండి నీటిమట్టము ఎంత లోతున ఉన్నదో ప్రతి నెల ఒకే తేదీన బరువు కట్టిన టేపుతో కొలువవలెను. పిల్లలు బావిలోనికి వంగరాదు. ఉపాధ్యాయుడు దగ్గర నిలువవలెను. పాఠశాల ఆవరణలో వర్షమాపకమును ఉంచవలెను. హిమానీనదపు లెక్క శరత్తున మొదలగును. మన నీటి లెక్కను జూన్‌లో మొదలుపెట్టవచ్చును.

ఇచటను సాంద్రత వంటి చిక్కే ఉన్నది. బావిలో నీరు ఒక మీటరు పెరిగినంత మాత్రాన చుట్టు నేలలో మీటరు నీరు నిండినట్లు కాదు. నీరు రాతి పగుళ్లలోను, సందులలోను మాత్రమే నిలుచును. మన గట్టిరాతి నేలలలో ఆ ఖాళీ నూటికి కొద్దిపాళ్లే. అందుచేత కొద్ది వానకే మట్టము పైకి వచ్చును. కొద్దిగ తోడినను దిగిపోవును. చెరువు క్రింది బావి ఒకటి, మెరకనున్న బావి ఒకటి, బోరు చేరువనున్న బావి ఒకటి ఎన్నుకొన్నచో ఈ భేదము స్పష్టమగును.

ఒక ఏటి కొలతలు అంతగా చెప్పవు. ఒక తరగతి వెళ్లిపోగా తరువాతి తరగతి అదే గుర్తునుండి, అదే తేదీన కొలుచుచు పోయినచో, పదేండ్లకు ఆ పుస్తకము ఊరి నీటికి జమాఖర్చు చిట్టా యగును. లోటు ఎప్పుడు మొదలైనదో, ఎంత తోడుట మేలో ఊరివారికి అది చెప్పగలదు. మంచుకైనను, బావికైనను శాస్త్రము కోరునది ఒక్కటే: తప్పక కొలుచుట, ఉన్నది ఉన్నట్లు వ్రాయుట.