ఎత్తుకున్న చేతుల్లోంచి జారిపడినవాడు

ఆదివారం ఆరాధనలో ఆశీర్వాదం పలికి అయ్యగారు చేతులు దించకముందే లేచి వెళ్లిపోయేవారు ప్రతి సంఘంలోనూ ఒకరిద్దరుంటారు. మా సిద్దిపేటలోనూ ఉన్నారు. వెనుక బెంచీలో ద్వారానికి దగ్గరగా ఉన్న చోటు వారిది. కానుక సంచి దగ్గరికొస్తే వేస్తారు, పాట మొదలైతే పెదవులు కదుపుతారు, ప్రేమవిందుకు మాత్రం ఉండరు. క్రిస్మస్ కారల్స్‌కు బృందం ఇంటికి వెళితే తలుపు సగమే తెరుస్తారు. ఏళ్ల తరబడి ఒకే గుడికి వస్తున్నా, ఏ వాడలో ఉంటారో, ఏ పని చేస్తారో తప్ప వారి గురించి మనకు తెలిసింది ఏమీ ఉండదు.

తెలియని చోట ఊరుకునే అలవాటు మనకు లేదు కదా! ‘గర్వం’ అంటాం. ‘నలుగురిలో కలవడు’ అంటాం. మనకు కాస్త భక్తి ఎక్కువైతే ‘ఆత్మలో చల్లారిపోయాడు’ అని ప్రార్థనాంశాల్లో పేరు చేరుస్తాం. మేమూ అలా అనుకున్నవాళ్లమే. సమూయేలు రెండవ గ్రంథంలో అక్కడొక ముక్క, ఇక్కడొక ముక్కగా ఉన్న ఒక మనిషి కథను వరుసగా పెట్టి చదివాక ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

ఆయన పేరు మెఫీబోషెతు. రాజైన సౌలుకు మనుమడు, దావీదు ప్రాణస్నేహితుడైన యోనాతానుకు కొడుకు. ఐదేళ్లప్పుడు తండ్రి, తాత కలిసి ఫిలిష్తీయులతో యుద్ధానికి వెళ్లారు. గిల్బోవ కొండమీద ఇద్దరూ చనిపోయారు. ఆ వార్త ఇంటికి చేరగానే, శత్రువులు వచ్చి పిల్లవాడిని చంపుతారన్న భయంతో దాది అతన్ని ఎత్తుకుని పరుగు తీసింది. ఆ తొందరలో పిల్లవాడు కింద పడ్డాడు. రెండు కాళ్లూ దెబ్బతిన్నాయి. నాలుగో అధ్యాయంలో ఒకే ఒక్క వచనంలో ఈ విషాదమంతా ఉంది. చదువుతూ దాటిపోవడం చాలా సులువు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. మెఫీబోషెతును శత్రువు పడదోయలేదు. ప్రేమించి, కాపాడాలని ఎత్తుకున్న చేతుల్లోంచే అతను జారిపడ్డాడు. ఆమెను తప్పుపట్టలేం. కానీ ఐదేళ్ల పిల్లవాడికి ఈ వివరణలు తెలుస్తాయా? అతని ఒంటికి తెలిసింది ఒకటే: వెళ్లిన నాన్న తిరిగి రాడు, ఎత్తుకున్నవారు వదిలేస్తారు. పెద్దయ్యాక ఎవరు చేయి చాపినా ముందు గుర్తొచ్చేది ఆ పడిపోవడమే. దూరంగా ఉంటే పడిపోయే పని ఉండదు. మనం గర్వమని పేరుపెట్టింది దీనికే. ఒకనాడు ఒక పసివాడు తనను తాను కాపాడుకోవడానికి కనిపెట్టిన ఉపాయం అది. వయసు పెరిగినా ఆ ఉపాయం వదలదు.

తరువాత అతన్ని మనం చూసేది లోదెబారులో, మాకీరు అనే వ్యక్తి ఇంట్లో. రాజకుమారుడికి సొంత ఇల్లు లేదు. అప్పటికి అతనికి మీకా అనే చిన్న కొడుకున్నాడు. ఏళ్లు గడిచాయన్నమాట. యోనాతానుకు ఇచ్చిన మాట కోసం అతని వారెవరైనా మిగిలారా అని దావీదు వెదికించి పిలిపించాడు. మెఫీబోషెతు వచ్చి సాగిలపడ్డాడు. దావీదు మొదట పలికింది అతని పేరు. ఆ తరువాతే భయపడవద్దన్నాడు, తాత పొలమంతా తిరిగి ఇస్తానన్నాడు, ఎప్పుడూ తన బల్ల దగ్గరే భోజనం చేయమన్నాడు. అంత మేలు విన్నవాడు సంతోషించాలి. అతను మాత్రం తనను తాను చచ్చిన కుక్కతో పోల్చుకున్నాడు. ఆ మాట ఎవరో తిట్టింది కాదు. లోపల ఎన్నేళ్లుగానో నానుతున్నది అప్పుడు పైకి వచ్చింది. బాల్యంలో తగిలిన దెబ్బ మనిషి చేత తన గురించి తానే ఇలాంటి మాటలు చెప్పిస్తుంది.

ఈ సంగతిని వైద్యులు ఆలస్యంగా లెక్కకట్టారు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 17 వేల మందికి పైగా పెద్దవారిని వారి బాల్యం గురించి అడిగి చేసిన ఒక అధ్యయనం తొలి ఫలితాలు 1998లో వెలువడ్డాయి. చిన్నప్పుడు కొట్టడం, లైంగిక హింస, ఇంట్లో తాగుడు, తల్లి దెబ్బలు తినడం చూడటం, ఇంట్లోవారు జైలుకు వెళ్లడం వంటి అనుభవాలు ఎన్ని ఎక్కువైతే, పెద్దయ్యాక కుంగుబాటు, మద్యానికి బానిస కావడం, ఆత్మహత్యా ప్రయత్నం అంతకంతకూ పెరుగుతాయని అందులో తేలింది. మన దేశంలో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి 2007లో నివేదిక ఇచ్చింది. ప్రతి ముగ్గురిలో ఇద్దరు దెబ్బలు తిన్నవారే. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురైనవారు. అది ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఉంది. వేధించినవారిలో సగం మంది పిల్లలకు తెలిసినవారే, నమ్మినవారే. అంటే ఎత్తుకున్న చేతులే. దాది చేతుల్లో కనీసం ప్రేమ ఉంది. ఈ చేతుల్లో అదీ లేదు. ఆ పిల్లల్లో చాలామంది ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు చెప్పనివారు ఈ రోజు మన వెనుక బెంచీలో కూర్చుని ఉండవచ్చు.

మా ప్రాంతానికి దీని రూపం ఇంకొకటి కూడా ఉంది. ‘బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి’ అన్న నానుడి తెలంగాణలో ఊరికే పుట్టలేదు. దుబ్బాక వైపు మగ్గాలు ఆగిపోయినప్పుడు నేతకారులు భీవండికి, షోలాపూర్‌కు వెళ్లారు. బోర్లు ఎండిన ఏళ్లలో రైతులు గల్ఫ్‌కు వెళ్లారు. పిల్లలు బీడీలు చుట్టే నాయనమ్మల దగ్గర, హాస్టళ్లలో పెరిగారు. కొందరు నాన్నలు పండుగకు వచ్చారు, కొందరు డబ్బు మాత్రమే పంపారు, కొందరు పెట్టెలో వచ్చారు. అప్పుల పాలై పొలంలోనే ప్రాణం తీసుకున్న తండ్రుల పిల్లలూ మన మధ్యే పెరిగారు. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి ప్రభుత్వం పరిహారం ఇస్తుంది, దానికి జీవోలున్నాయి. ఆ ఉదయం తండ్రిని మొదట చూసిన పిల్లవాడి కళ్లకు ఏ జీవో లేదు. ఆ పిల్లలకిప్పుడు ముప్పై, నలభై ఏళ్లు. ఉద్యోగాలున్నాయి, పెళ్లిళ్లయ్యాయి. భార్య పుట్టింటికి వెళ్లి రెండు రోజులు ఆలస్యమైతే ఎందుకంత కోపమొస్తుందో వారికే తెలియదు. కొడుకును దగ్గరికి తీసుకోవాలని ఉంటుంది, చేతులు లేవవు.

తెలుగువారికి బాగా తెలిసిన ఒక గాయపడిన బాల్యం గుర్రం జాషువాది. 1895 సెప్టెంబరు 28న వినుకొండలో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. తండ్రి వీరయ్య యాదవుడు, తల్లి లింగమ్మ మాదిగ. చదువుకోవడానికి బడికి వెళ్లాకే ఆ పిల్లవాడికి తాను అంటరానివాడినని తెలిసింది, తోటి పిల్లల నోటా, పంతుళ్ల నోటా. యువకుడిగా వినుకొండలోనే ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, ఇతన్ని లోపలికి ఎవరు రానిచ్చారని సభలోనే అవమానించారు. 1941లో వచ్చిన ‘గబ్బిలం’ కావ్యంలో ఒక పేదవాడు తన గోడు పరమశివుడికి విన్నవించమని వేడుకోవడానికి మనుషుల్లో ఎవరూ దొరకక గబ్బిలాన్ని దూతగా ఎంచుకుంటాడు. ఒంటరితనానికి అంతకంటే పెద్ద గుర్తు మన సాహిత్యంలో మాకు తోచదు. మనిషి వినడన్న నమ్మకం ఎంత బలంగా ఉంటే ఒకడు గబ్బిలంతో మొరపెట్టుకుంటాడు?

అయితే జాషువా పేరు చెప్పి మనం గర్వపడే ముందు మరో సంగతి ఒప్పుకోవాలి. హిందూ పురాణ గాథలపై కావ్యాలు రాస్తున్నారని సాటి క్రైస్తవులే ఆయనను సంఘానికి వెలిగా నిలబెట్టారు. ఊరు తోసేసిన మనిషిని మనమూ తోసేశాం. ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందింది ఆయనే. 1971లో కన్నుమూశారు. ఆయన కుమార్తె హేమలతా లవణం స్టువార్టుపురంలో నేరస్థులుగా ముద్రపడిన కుటుంబాల మధ్య, నిజామాబాదు ప్రాంతంలో జోగినుల మధ్య ఏళ్ల తరబడి పనిచేశారు. తండ్రిని సమాజం నిలబెట్టిన ఆ గడప బయటే ఆమె తన జీవితమంతా పనిని వెదుక్కున్నారు. గాయం తరువాతి తరానికి ఒక్కోసారి ఇలా కూడా అందుతుంది.

మళ్లీ మెఫీబోషెతు దగ్గరికి వద్దాం. అతను యెరూషలేముకు వచ్చి రోజూ రాజు బల్ల దగ్గర భోజనం చేశాడు. దావీదు అతన్ని నిలబెట్టి సాక్ష్యం చెప్పమనలేదు. గతమంతా విప్పమనలేదు. రోజూ ఒకే చోట ఒక పళ్లెం పెట్టించాడు, అంతే. పడిపోయినవాడికి నమ్మకం ఇలాంటి విసుగెత్తించే పనితోనే వస్తుంది. ఒక్క పెద్ద ప్రార్థనతో వచ్చేది కాదు. మన సభల్లో ‘ఈ రాత్రే నీ గతం నుంచి విడుదల’ అని ప్రకటించడం మామూలే. ప్రభువు చేయలేడని కాదు. కానీ తెల్లవారితే ఆ మనిషి పక్కన ఎవరు కూర్చుంటారు?

తరువాత జరిగింది చాలామంది ప్రసంగికులు దాటేస్తారు. అబ్షాలోము తిరుగుబాటుతో దావీదు రాజధాని విడిచి పారిపోయాడు. సీబా అనే సేవకుడు రాజుకు ఎదురెళ్లి, మెఫీబోషెతు రాజ్యం తనకే వస్తుందని ఆశపడి నగరంలో ఉండిపోయాడని చెప్పాడు. దావీదు మరో మాట అడగకుండా నమ్మేశాడు, అక్కడికక్కడే మెఫీబోషెతు ఆస్తంతా సీబాకిచ్చేశాడు. మాట్లాడేవాడి మాట నెగ్గింది. కాళ్లు లేనివాడు, నోరు లేనివాడు వెనుకబడిపోయాడు. సంఘ కమిటీల్లోనూ ఇదే జరుగుతుంది. ఎప్పుడూ మాట్లాడని మనిషి మీద ఎవరేం చెప్పినా అడ్డు చెప్పేవారుండరు.

మెఫీబోషెతు మాత్రం రాజు వెళ్లిన రోజు నుంచి కాళ్లు శుభ్రం చేసుకోలేదు, గడ్డం కత్తిరించుకోలేదు, బట్టలు ఉతికించుకోలేదు. రాజభక్తి అని వ్యాఖ్యాతలు రాస్తారు. నిజమే కావచ్చు. మాకు మాత్రం అందులో ఐదేళ్ల పిల్లవాడు కనిపిస్తాడు. తనకు చోటిచ్చిన మనిషి యుద్ధానికి వెళ్లిపోయాడు. నాన్న కూడా ఇలాగే వెళ్లాడు, తిరిగి రాలేదు. ఆ పాత రోజు మళ్లీ వచ్చింది. చుట్టూ ఉన్నవారికి అతనిది అతిగా తోచి ఉంటుంది. దెబ్బతిన్న మనుషుల దుఃఖం ఎప్పుడూ మనకు అతిగానే తోస్తుంది, ఎందుకంటే వారు ఒకేసారి రెండు దుఃఖాలు పడుతున్నారని మనకు తెలియదు.

ఈసారి మాత్రం వెళ్లినవాడు తిరిగి వచ్చాడు. దావీదు అతన్ని చూసి, ఎందుకు రాలేదని నిలదీశాడు. సంగతి విని, పొలాన్ని నువ్వూ సీబా చెరిసగం పంచుకోండన్నాడు. ఇది న్యాయమని మేమనుకోము. తాను పొరబడ్డానని రాజు ఒప్పుకోలేదు. మెఫీబోషెతుకు ఆ లెక్క పట్టలేదు. నా యేలినవాడు క్షేమంగా తిరిగి వచ్చాడు, పొలమంతా అతన్నే తీసుకోనివ్వండి అన్నాడు. ఐదేళ్ల వయసు నుంచి అతను ఎదురుచూసింది పొలం కోసం కాదు మరి.

ఇక మన పని గురించి రెండు మాటలు. చిన్నప్పుడు హింసపడినవారిని ‘క్షమించు’ అని తొందరపెట్టడం మనలో పెద్ద పొరపాటు. క్షమాపణ దేవుని కృపవల్ల వస్తుంది, కాపరి గడువువల్ల కాదు. చాలాసార్లు మనం కోరేది బాధితుడి విడుదల కూడా కాదు, ఆ కుటుంబం ముందు మనకు ఇబ్బంది లేకుండా పోవడం. ఇప్పుడు పిల్లలపై జరుగుతున్నదైతే మౌనం పాపమే కాదు, నేరం కూడా. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవారెవరైనా పోలీసులకు తెలపాల్సిందే. సండేస్కూలు టీచరైనా, హాస్టల్ వార్డెనైనా, అయ్యగారైనా దీనికి మినహాయింపు లేదు. సంఘం పరువు అని కమిటీలో సర్దుబాటు చేస్తే, మనం మరో పిల్లవాడిని చేతుల్లోంచి జారవిడిచినట్టే. పిల్లల సాయానికి 1098 ఉంది. పెద్దవారి మనసు భారానికి టెలీమానస్ 14416 ఉంది, 2022 నుంచి నడుస్తోంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. మందు, కౌన్సెలింగ్ అవసరమైనవారికి ప్రార్థనతో సరిపెట్టడం విశ్వాసం కాదు. జ్వరానికి మాత్ర వేసుకుంటూ దీనికి వద్దనడంలో అర్థం మాకు కనబడలేదు.

వెనుక బెంచీలో కూర్చున్న మనిషిని ముందుకు లాక్కురావాల్సిన పని కూడా లేదు. ఆ చోటే అతనికి క్షేమంగా ఉంటే అక్కడే కూర్చోనిద్దాం. మనలో ఒకరు వెళ్లి అదే బెంచీలో రెండో చివర కూర్చోవచ్చు, వచ్చేవారం కూడా, ఆ పైవారం కూడా. పేరు తెలుసుకుని పేరుతో పిలవవచ్చు. ప్రభురాత్రి భోజనానికి అతను రాకపోయిన వారం, ఎందుకు రాలేదని నిలదీయకుండా ‘మీరు లేకపోతే వెలితిగా ఉంది’ అని ఒక్క మాట చెప్పవచ్చు.

రాజు బల్ల దగ్గర కూర్చున్నప్పుడు మెఫీబోషెతు కుంటికాళ్లు బల్ల కిందికి వెళ్లి ఎవరికీ కనిపించేవి కావని ప్రసంగాల్లో చెబుతుంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ గ్రంథకర్త దాన్ని దాచలేదు. తొమ్మిదో అధ్యాయం చివరి వచనం చూడండి. అతను యెరూషలేములో కాపురమున్నాడనీ, ఎల్లప్పుడూ రాజు బల్ల దగ్గరే భోజనం చేసేవాడనీ రాసి, అక్కడితో ఆపకుండా, అతని కాళ్లు రెండూ కుంటివని చివరిగా రాశాడు.