కరెంటు పోతే నీళ్లు ఎటు పోతాయి?



డర్బన్‌లో లోడ్ షెడ్డింగ్ అంటే మీకు చెప్పక్కరలేదు. ఒక రాత్రి కరెంటు పోగానే మా ముందుగదిలో ఉప్పునీళ్లు పారాయి. నేల మీద ప్లగ్గుల బోర్డు ఉంది. చీకట్లో అమ్మ నడిచి వస్తోంది. "అమ్మా, అక్కడే ఆగు!" అని అరిచాను. ఆ క్షణంలో కరెంటు తిరిగి వచ్చి ఉంటే?

తప్పు నాదే. సముద్రపు చేపల తొట్టిలో నీరు గొట్టం గుండా కింది తొట్టికి దిగుతుంది, పంపు దాన్ని పైకి తోస్తుంది. పంపు ఆగితే, నీటిని పైకి తెచ్చే గొట్టమే దాన్ని వెనక్కి లాగుతుంది. మూతికి గాలి తగిలేదాకా ఆగదు.

మా తొట్టి 120 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు. ఒక్క సెంటీమీటరు నీరు 6 లీటర్లు. గొట్టం మూతి 5 సెంటీమీటర్ల లోతులో ఉంది. అంటే 30 లీటర్లు. కింది తొట్టిలో ఖాళీ 20 లీటర్లే! బడిలో ఘనపరిమాణం నేర్పే నేను ఇంట్లో ఈ లెక్క వేయలేదు.

మీరు ముందే వేయండి. మూతిని నీటిమట్టానికి దగ్గరగా పెట్టండి. నీటిని వెనక్కి రానివ్వని వాల్వు ఒక్కదాన్నే నమ్మకండి. ఉప్పు, నాచు పడితే అది సరిగ్గా మూసుకోదు. దిగే గొట్టాలు రెండు ఉండాలి. ఒకటి మూసుకుపోతే రెండోది కాపాడుతుంది, దానికి వాల్వు పెట్టకండి. గొట్టాలు పీవీసీవే వాడండి. రాగి, ఇత్తడి వద్దు. రాగి రొయ్యలకు, పగడాలకు విషం. వంపులు తగ్గించండి, ప్రతి వంపూ పంపు బలాన్ని తింటుంది. చేపల ఊపిరికి బ్యాటరీ గాలి పంపు ఉంచండి.

ఉప్పు కలపకముందే కుళాయి నీళ్లతో నింపి, పంపు మీరే ఆపి చూడండి.

ఇప్పుడు కరెంటు పోతే అమ్మ "ఆగిందా?" అని అడుగుతుంది. "ఆగిందమ్మా" అంటాను.