చదరంగపు గళ్లలో దాగిన ఇరవై అంకెలు

చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా రెట్టింపు చేసుకుంటూ 64 గళ్లూ నింపితే మొత్తం గింజలు 1,84,46,74,40,73,70,95,51,615.

ఈ సంఖ్య తెలుగువారికి పాతదే. పావులూరి మల్లనదిగా చెప్పే ఒక చంపకమాలలో ఇరవై అంకెలూ పొల్లుపోకుండా ఒదిగి ఉన్నాయి. అంకెల పేర్లకు బదులు అందులో భూతసంఖ్యలు వాడారు: బాణమంటే 5, చంద్రుడంటే 1, అగ్ని 3, ఆకాశం సున్న, ఏనుగు 8. ఒకట్ల స్థానంతో మొదలుపెట్టి కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి. ఛందస్సు తప్పకుండా, అంకె తప్పకుండా ఇంత సంఖ్యను పద్యంలో నిలపడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

64 గళ్లనూ కూడుకుంటూ పోనక్కర్లేదు. పక్కింటి నుంచి ఒక గింజ అప్పు తెచ్చామనుకోండి. మొదటి గడిలోని ఒకటితో కలిస్తే రెండు, రెండో గడిలోని రెండుతో కలిస్తే నాలుగు, ఆ తర్వాత ఎనిమిది. చివరి గడి దాటేసరికి 64 రెండ్లను గుణించినంత అవుతుంది. అప్పు గింజ తిరిగిచ్చేస్తే మన సంఖ్య మిగులుతుంది.

ఆ 64 రెండ్ల గుణకారమైనా ఆరు వర్గాలతో తేలిపోతుంది: 2, 4, 16, 256, 65536, 429,49,67,296. దీన్ని మరొక్కసారి వర్గం చేసి ఒకటి తీసేస్తే చాలు.

అసలు అందం ఇక్కడుంది. ఏ వర్గం నుంచైనా ఒకటి తీసేస్తే, మిగిలింది రెండు ముక్కలుగా విడిపోతుంది. 16 నుంచి ఒకటి తీస్తే 15. అది 3, 5ల లబ్ధం. 4 కంటే ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. మన సంఖ్యను ఇలాగే విప్పుకుంటూ పోతే పై ఆరింటికీ ఒక్కొక్కటి కలిపిన సంఖ్యలు బయటపడతాయి: 3, 5, 17, 257, 65537, 429,49,67,297.

మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలే. ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రధాన సంఖ్యలేనని 17వ శతాబ్దంలో ఫెర్మా నమ్మాడు. ఆరోది 641తో నిశ్శేషంగా భాగింపబడుతుందని 1732లో ఆయిలర్ చూపించాడు. దాన్ని భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 64 గుణిజం కంటే ఒకటి ఎక్కువే కావాలని కూడా తర్వాత ఆయనే నిరూపించాడు. ఆ లెక్కన పరీక్షించాల్సినవి 193, 257, 449, 577, ఐదోది 641. భాగఫలం 67,00,417, అదీ ప్రధాన సంఖ్యే.

అంటే గళ్లన్నిటి గింజలనూ 3, 5, 17, 257, 641, 65537, 67,00,417 అనే ఏడు ప్రధాన సంఖ్యలు, ఒక్కోటీ ఒక్కసారే వచ్చి, పూర్తిగా కడుతున్నాయి.